పేగుపూతకు మూలికా సారాలు: ఏ జబ్బుకు, ఏ దశలో, ఏది

నెలల తరబడి విరేచనాలు వదలని మనిషికి కావలి నుంచి కందుకూరు దాకా, అటు ఒంగోలు, పొదిలి, గిద్దలూరు వైపు కూడా ఊళ్ళో పెట్టే పేరు ఒకటే: పేగుపూత. ఆ మాట చెవిన పడగానే ఒకరు కలబంద గుజ్జు తినమంటారు, ఇంకొకరు మారేడు కాయ కాల్చి పెట్టమంటారు, మందుల షాపులో పనిచేసే బంధువు పసుపు సారం గుళికల సీసా పంపిస్తాడు. వీటిలో దేనికి ఎంత బలం ఉందో, ఏది ఎవరికి పనికివస్తుందో, ఏది ఎవరికి కీడు చేస్తుందో పోల్చి చెప్పడానికే ఇది రాస్తున్నాను. పదకొండేళ్ళుగా ఈ జబ్బుతో బతుకుతున్నవాడిని కాబట్టి, వీటిలో కొన్నింటిని స్వయంగా వాడి చూసినవాడిని కూడా.

అన్నిటికంటే ముందు ఆ పేరు సంగతి తేలాలి. పేగుపూత అనే ఒక్క మాట కింద కనీసం ఐదు వేర్వేరు జబ్బులు దాగి ఉంటాయి. అమీబా వల్ల వచ్చే జిగట విరేచనాలు ఒకటి, పేగు క్షయ రెండవది. పరీక్షల్లో వాపు ఏదీ కనిపించకపోయినా కడుపునొప్పి, విరేచనాలు, మలబద్ధకం మారిమారి వేధించే ఐబీఎస్ మూడవది. మిగిలిన రెండే అసలైన పేగువాపు వ్యాధులు, ఇంగ్లీషులో ఐబీడీ. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగు లోపలి పొరకు పరిమితమై, మలాశయం దగ్గర మొదలై పైకి పాకుతుంది. క్రోన్స్ వ్యాధి నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, పేగు గోడ మందమంతా తొలచవచ్చు, పేగును ఇరుకు చేయవచ్చు. ఈ ఐదింటికీ ఒకే మూలిక చెప్పేవారెవరైనా సరే, వారి మాట నమ్మడానికి వీలు లేదు.

మన దేశంలో ఈ తేడా ప్రాణాల మీదికి వచ్చే తేడా. పేగు క్షయ, క్రోన్స్ రెండూ చిన్నపేగు పెద్దపేగుతో కలిసే చోటునే ఎక్కువగా పట్టుకుంటాయి, పేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీలో కూడా ఒకదానినొకటి పోలి ఉంటాయి. క్షయను క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే క్షయ ఒళ్ళంతా పాకుతుంది; అందుకే తేల్చుకోలేని చోట వైద్యులు ముందుగా కొన్ని నెలలు క్షయ మందులు వాడించి, పుండ్లు మానుతున్నాయో లేదో మళ్ళీ చూస్తారు. మలంలో నెత్తురు, బరువు తగ్గడం, జ్వరం, రాత్రి నిద్రలోంచి లేచి పరుగెత్తవలసి రావడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది ఐబీఎస్ అని సరిపెట్టుకోకూడదు. మలపరీక్ష, కొలనోస్కోపీ, ముక్క తీసి చేసే బయాప్సీ జరిగి, జబ్బు పేరు కాగితం మీదికి వచ్చిన తరువాతనే ఈ కింది పోలికకు అర్థం ఉంటుంది.

నా పొరపాటు కూడా చెప్పాలి. అల్సరేటివ్ కొలైటిస్ అని తేలి, పేగువాపును అణిచే మెసలమిన్ మాత్రలతో రెండేళ్ళు బాగున్న తరువాత, ఉదయగిరి కొండల నుంచి తెచ్చిన మూలికలతో పసరు మందు ఇచ్చే ఒకాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన నా దగ్గర రూపాయి కూడా తీసుకోలేదు, మనసులో మోసం లేదు. కానీ ఇంగ్లీషు మందు వేడి చేస్తుంది, రెండూ కలపకూడదు అన్నారు, నేను మాత్రలు ఆపేశాను. రెండు నెలలు తిరగకుండానే రోజుకు పది పన్నెండు సార్లు నెత్తుటి విరేచనాలయ్యాయి, ఆసుపత్రిలో చేరి స్టెరాయిడ్లు వాడవలసి వచ్చింది. ఆ పసరు నాకు హాని చేసిందో లేదో నేను చెప్పలేను. మాత్రలు ఆపడం మాత్రం హాని చేసింది. ఆ అనుభవం వల్లనే ఈ వ్యాసంలో ప్రతి సారాన్నీ ఒకే ప్రశ్నతో తూస్తున్నాను: వైద్యుడు ఇచ్చిన మందుకు తోడుగా ఇది ఏమైనా కలుపుతుందా?

హాని లేదనడానికి, పనిచేస్తుందనడానికి మధ్య ఉన్న దూరం మన జిల్లావాళ్ళకు తెలియనిది కాదు. 2021 మే నెలలో కృష్ణపట్నంలో కరోనా మందు కోసం వేలాది మంది బారులు తీరినప్పుడు, దాని వల్ల హాని లేదనే నివేదికల మీద ఆధారపడి, కంట్లో వేసే చుక్కలను మినహాయించి, ప్రభుత్వం పంపిణీకి అనుమతి ఇచ్చింది. హాని లేదన్న ఆ మాటను చాలామంది జబ్బు నయమవుతుందన్న మాటగా విన్నారు. పేగుపూత మూలికల విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతున్నది.

ఇక సారాల సంగతి. మూలిక వేరు, దాని పొడి వేరు, కషాయం వేరు, మూలికలోని పదార్థాలను విడదీసి చిక్కబరచిన సారం వేరు. పరీక్షలు జరిగినవి దాదాపు అన్నీ సారాల మీద, అదీ కొలత కట్టిన మోతాదులతో. పసుపునే తీసుకుందాం. ఇంట్లో వాడే పసుపు పొడిలో మందుగా పనిచేసే పదార్థమైన కర్క్యుమిన్ ఇంచుమించు నూటికి మూడు పాళ్ళు ఉంటుంది. చెంచాడు పసుపు మూడు గ్రాములు అనుకుంటే అందులో కర్క్యుమిన్ తొంభై మిల్లీగ్రాములే. పరీక్షల్లో ఫలితం కనిపించిన మోతాదు రోజుకు రెండు, మూడు గ్రాముల కర్క్యుమిన్. అంటే డెబ్బై నుంచి వంద గ్రాముల పసుపు పొడి మింగాలి. పాలలో పసుపు వేసుకు తాగడం మంచి అలవాటే కావచ్చు, అది ఈ జబ్బుకు చికిత్స కాదు.

కర్క్యుమిన్ గురించే ఎక్కువ చెప్పవలసి ఉంది, ఎందుకంటే ఈ వరుసలో వాడదగినవాటిలో గట్టి ఆధారం ఉన్నది దానికే. జపానులో 2006లో వెలువడిన పరీక్షలో, జబ్బు అణిగి ఉన్న 89 మంది అల్సరేటివ్ కొలైటిస్ రోగులు తమ మామూలు మందులైన సల్ఫాసలజీన్ లేదా మెసలమిన్ వాడుతూనే, సగం మంది రోజుకు రెండు గ్రాముల కర్క్యుమిన్, మిగతా సగం మంది మందు లేని గుళికలు ఆరు నెలలు వేసుకున్నారు. లెక్కలోకి తీసుకున్నవారిలో, కర్క్యుమిన్ వాడిన 43 మందిలో ఇద్దరికి, వాడని 39 మందిలో ఎనిమిది మందికి జబ్బు తిరగబెట్టింది. 2015లో వెలువడిన మరో పరీక్షలో, మెసలమిన్ పూర్తి మోతాదులో వాడుతున్నా జబ్బు అణగని 50 మందికి నాలుగు వారాల పాటు రోజుకు మూడు గ్రాములు ఇచ్చి చూస్తే, కర్క్యుమిన్ వాడిన 26 మందిలో 14 మందికి జబ్బు అణిగింది, వాడని 24 మందిలో ఒక్కరికీ అణగలేదు. అయితే ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2017లో ప్రచురించిన పరీక్షలో రోజుకు 450 మిల్లీగ్రాములు మాత్రమే ఇచ్చి ఎనిమిది వారాలు చూస్తే ఏ మేలూ కనిపించలేదు. ఈ మూడింటిని పక్కపక్కన పెట్టి చదివినవారికి మోతాదు ఎంత ముఖ్యమో తెలుస్తుంది. మన అంగళ్ళలో దొరికే చాలా సీసాల మీద రోజుకు ఒక గుళిక, 500 మిల్లీగ్రాములు అని రాసి ఉంటుంది. అది విఫలమైన మోతాదుకు దగ్గరగా ఉంది.

ఈ మేలు అల్సరేటివ్ కొలైటిస్‌కు, అదీ జబ్బు తేలికగా లేదా మధ్యస్థంగా ఉన్నవారికి మాత్రమే చెల్లుతుంది. క్రోన్స్ వ్యాధికి శస్త్రచికిత్స జరిగిన 62 మంది మీద ఫ్రాన్సులో చేసి 2020లో ప్రచురించిన పరీక్షలో, రోగనిరోధక వ్యవస్థను అణిచే మందైన అజథయోప్రిన్‌కు తోడుగా రోజుకు మూడు గ్రాముల కర్క్యుమిన్ ఇస్తే జబ్బు తిరగబెట్టడం ఆగలేదు. పైగా తీవ్రంగా తిరగబెట్టినవారు కర్క్యుమిన్ వాడినవారిలో 55 శాతం, వాడనివారిలో 26 శాతం ఉన్నారు. ఒక జబ్బుకు మందైనది ఇంకో జబ్బుకు మందు కాదనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. క్రోన్స్ ఉన్న బంధువుకు మీ సీసాను ప్రేమతో పంపించవద్దు.

కర్క్యుమిన్ వల్ల ఇబ్బందులూ ఉన్నాయి. పసుపు సారాలు వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న సంఘటనలు పలు దేశాల్లో నమోదయ్యాయి. శరీరానికి ఎక్కువగా పట్టడానికి మిరియాల సారమైన పైపరిన్ కలిపిన రకాలతో జాగ్రత్త మరింత అవసరం. పైపరిన్ కర్క్యుమిన్ ఒక్కదానినే కాదు, మీరు వేసుకునే ఇతర మందులను కూడా రక్తంలో ఎక్కువసేపు నిలుపుతుంది. పెద్దపేగు పుండ్లకు మందు పేగులోనే ఉండి పనిచేస్తే చాలు గనుక, పైపరిన్ లేని రకాన్నే నేను ఎంచుకుంటాను. నెత్తురు పలచబడే మందులు వాడేవారు, పిత్తాశయంలో రాళ్ళున్నవారు వైద్యుడిని అడగకుండా దీనిని ముట్టకూడదు. ఇనుముతో జతకట్టే గుణం దీనికి ఉంది కాబట్టి, రక్తహీనతకు ఇనుము మాత్రలు వేసుకునేవారు రెండింటినీ వేర్వేరు పూటల్లో వేసుకోవడం మేలు.

అందుగు చెట్టు బంక, ఆయుర్వేదంలో సల్లకి, రెండవ స్థానంలో వినిపించే పేరు. నల్లమలలో ఈ చెట్టు ఉంది కనుక గిద్దలూరు వైపు వారికి కొత్తది కాదు. 1997లో మన దేశంలో జరిగిన చిన్న పరీక్షలో 350 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు ఆరు వారాలు ఇస్తే, 82 శాతం మందికి అల్సరేటివ్ కొలైటిస్ అణిగింది, సల్ఫాసలజీన్ వాడినవారిలో అది 75 శాతం. అంకెలు చూసి మురిసిపోవద్దు. పోల్చడానికి తీసుకున్న సల్ఫాసలజీన్ గుంపులో ఉన్నది ఎనిమిది మంది. క్రోన్స్ వ్యాధి అణిగి ఉన్నవారికి ఏడాది పాటు ఇచ్చి చూసిన జర్మనీ పరీక్షలో, 2011లో, మందు లేని గుళికలకూ దీనికీ తేడా తేలలేదు. హాని మాత్రం పెద్దగా కనిపించలేదు. కర్క్యుమిన్ పడనివారు వైద్యుడి అనుమతితో ప్రయత్నించదగినది అనేంతవరకే నా సిఫార్సు. ధూపానికి అమ్మే సాంబ్రాణి, గుగ్గిలం తినడానికి పనికిరావు, అవి వేరు సరుకులు.

కలబందకు మన ఇళ్ళలో ఉన్నంత గౌరవం పరీక్షల్లో దక్కలేదు కానీ, అసలు దక్కలేదని కూడా అనలేము. 2004లో లండన్ వైద్యులు 44 మందితో చేసిన పరీక్షలో, రోజుకు రెండుసార్లు 100 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు వారాలు కలబంద గుజ్జు తాగిన 30 మందిలో తొమ్మిది మందికి జబ్బు అణిగింది, తాగని 14 మందిలో ఒకరికే అణిగింది. లక్షణాలు, సూక్ష్మదర్శిని కింద చూసిన ముక్కల్లో వాపు కొంత తగ్గినా, గొట్టంతో చూసిన పేగు లోపలి పుండ్లలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పెరట్లో మట్ట కోసి తినేవారికి అసలు ప్రమాదం ఇంకొకటి ఉంది. తొక్క కింద కారే పసుపుపచ్చని చేదు పాలు, ఎండబెడితే ముసాంబరం అయ్యేవి, గట్టి విరేచనకారి. మట్టను నిలువుగా నిలబెట్టి ఆ పాలు కారనిచ్చి, కడిగి, తెల్లని గుజ్జు మాత్రమే తీయకపోతే, నెత్తుటి విరేచనాలు ఉన్న మనిషికి అది అగ్నికి ఆజ్యం.

నేలవేము సారాన్ని 224 మంది అల్సరేటివ్ కొలైటిస్ రోగులకు ఎనిమిది వారాలు ఇచ్చిన పరీక్ష 2013లో వెలువడింది. రోజుకు 1800 మిల్లీగ్రాములు వాడినవారిలో 60 శాతం మందికి, మందు లేని గుళికలు వాడినవారిలో 40 శాతం మందికి ఉపశమనం కలిగింది. ఆ తరువాత మొదలుపెట్టిన పెద్ద పరీక్షను, ఫలితం తేలేలా లేదని 2014లో మధ్యలోనే ఆపివేశారు. ఒంటి మీద దద్దుర్లు దీనితో వచ్చే ముఖ్యమైన ఇబ్బంది. తమిళనాడు సరిహద్దు దాటి సూళ్ళూరుపేట, తడ వైపు వచ్చే నేలవేము కషాయం పొడి ఈ సారం కాదు. ఇంతకంటే దీని మీద సమయం పెట్టనక్కరలేదు.

ఇసబ్‌గోల్ సారం కాదు, గింజ మీది పొట్టు. అయినా ఈ పోలికలో దానికి చోటు ఇవ్వకపోతే అన్యాయం. 1999లో స్పెయిన్‌లో జబ్బు అణిగి ఉన్న 105 మంది అల్సరేటివ్ కొలైటిస్ రోగులకు ఏడాది పాటు ఇసబ్‌గోల్ గింజలు 10 గ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, లేదా మెసలమిన్, లేదా రెండూ కలిపి ఇచ్చి చూశారు. జబ్బు తిరగబెట్టినవారు వరుసగా 40, 35, 30 శాతం. ధర తక్కువ, ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది, కాలేయానికి భయం లేదు. జబ్బు అణిగి ఉన్నవారికి, మెసలమిన్‌కు తోడుగా, కర్క్యుమిన్ కొనే స్తోమత లేనివారికి నేను మొదట చెప్పేది ఇదే. పెద్ద గ్లాసెడు నీళ్ళతో తాగాలి, మాత్రలకూ దానికీ మధ్య రెండు గంటలు ఎడం ఉండాలి. క్రోన్స్ వల్ల పేగు ఇరుకైనవారు మాత్రం తాగకూడదు. ఉబ్బి అడ్డం పడుతుంది.

నీలి సంగతి వినడానికి ఆశ్చర్యంగా ఉంటుంది. ఒకప్పుడు నెల్లూరు, కడప ప్రాంతాల్లో విస్తారంగా పండించి రంగు తీసిన పంట ఇది. చైనా వైద్యంలో నీలి రంగునిచ్చే మొక్కల నుంచి తీసే పొడిని జపానులో 86 మంది అల్సరేటివ్ కొలైటిస్ రోగులకు ఇస్తే, మోతాదును బట్టి 70 నుంచి 81 శాతం మందికి గుణం కనిపించింది, మందు లేని గుళికలతో అది 14 శాతం లోపే. మందు లేని గుళికలతో పోలిస్తే ఈ వ్యాసంలోని మరే మూలికకూ ఇంత తేడా కనిపించలేదు. కానీ ఆ పొడిని సొంతంగా కొని వాడిన రోగికి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి ప్రమాదకరంగా పెరగడంతో ఆ పరీక్షను ముందుగానే ఆపివేశారు, 2016లో జపాన్ ప్రభుత్వం హెచ్చరిక జారీ చేసింది. బలమైన మందు బలమైన హాని కూడా చేయగలదు, అది ఆకు నుంచి వచ్చినా సరే. జుట్టుకు పెట్టుకోవడానికి అమ్మే నీలి ఆకు పొడిని ఎవరైనా ఈ జబ్బుకు తినమని చెబితే, తినవద్దు.

మారేడు గుజ్జు, కొడిశపాల పట్ట మన ప్రాంతంలో విరేచనాలకు తరతరాలుగా వాడుతున్నవి. కుటజారిష్టం పేరుతో కొడిశపాల మందు ఆయుర్వేద దుకాణంలో దొరుకుతుంది. మామూలు విరేచనాలకు, జిగట విరేచనాలకు వీటి వాడుకను నేను తక్కువ చేయను. కానీ అల్సరేటివ్ కొలైటిస్‌కు, క్రోన్స్‌కు పైన చెప్పినటువంటి పరీక్షల బలం వీటికి లేదు. పైగా విరేచనాల సంఖ్య తగ్గి లోపల పుండు అలాగే ఉంటే, మనిషి బాగుపడ్డాననుకుని ఆసుపత్రికి వెళ్ళడం వాయిదా వేస్తాడు.

కొన్నింటిని పోల్చవలసిన అవసరమే లేదు, పక్కన పెట్టాలి. సునాముఖి, అది కలిసిన కడుపు శుద్ధి పొడులన్నీ ఈ జబ్బుకు శత్రువులు. అతిమధురం రక్తపోటును పెంచి, పొటాషియంను తగ్గిస్తుంది. స్టెరాయిడ్ కూడా అదే పని చేస్తుంది కాబట్టి ప్రెడ్నిసొలోన్ వాడుతున్నవారికి రెండూ కలిస్తే గుండెకు ముప్పు. తిప్పతీగ రోగనిరోధక శక్తిని పెంచుతుందని కరోనా కాలంలో అందరం తాగాము. దాని వల్ల కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలను ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. ఐబీడీ అంటేనే రోగనిరోధక వ్యవస్థ సొంత పేగు మీద తిరగబడిన జబ్బు. దానిని అణచడానికి అజథయోప్రిన్ వేసుకుంటూ, మరో చేత్తో దానిని రెచ్చగొట్టే మూలిక తాగడంలో అర్థం లేదు.

కొనేటప్పుడు సీసా మీద కర్క్యుమినాయిడ్లు (కర్క్యుమిన్, దాని జాతి పదార్థాలు) ఎన్ని మిల్లీగ్రాములో స్పష్టంగా రాసి ఉందా, బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు ఉన్నాయా చూడాలి. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులను పరీక్షించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంచుమించు ఐదింటిలో ఒకదానిలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ కనిపించాయి. పేరు లేని పొట్లాల్లో ఇచ్చే పొడులను నేను ఇక ముట్టను. కొన్నది ఒక్కటే వాడాలి, మూడు కలిపి వాడితే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో ఎవరికీ తెలియదు. మొదలుపెట్టే ముందు కాలేయ పరీక్ష, పేగు వాపు తెలియడానికి మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చేయించి, ఎనిమిది వారాల తరువాత మళ్ళీ చేయించాలి. కాల్‌ప్రొటెక్టిన్ గ్రాముకు 250 మైక్రోగ్రాములు దాటి ఉంటే వాపు రగులుతున్నట్టే, ఒంటికి ఎంత హాయిగా అనిపించినా సరే. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు తిరిగినా ఆ రోజే ఆపివేయాలి. గర్భిణులకు, చిన్నపిల్లలకు సొంతంగా ఏ సారమూ మొదలుపెట్టవద్దు.

రోజుకు ఆరు లేదా అంతకంటే ఎక్కువసార్లు నెత్తుటి విరేచనాలై, దానికి తోడు జ్వరం గానీ, నిమిషానికి తొంభై దాటిన నాడి గానీ, 10.5 కంటే తగ్గిన హిమోగ్లోబిన్ గానీ ఉంటే అది మూలికల వేళ కాదు. ఆ పూటే నెల్లూరుకో ఒంగోలుకో, దగ్గరున్న పెద్దాసుపత్రికి బయలుదేరాలి.

నా వరకు నేను, మెసలమిన్ ఆపకుండా, నా వైద్యుడికి చెప్పి, పైపరిన్ లేని కర్క్యుమిన్ రెండు గ్రాములు ఉదయం సాయంత్రం సగం సగం వేసుకుంటున్నాను. జబ్బు తిరగబెట్టక మూడేళ్ళయింది; అది కర్క్యుమిన్ వల్లనే అని నేను చెప్పను, మాత్రలు క్రమం తప్పనందువల్ల కూడా కావచ్చు. జబ్బు మొదలై ఎనిమిదేళ్ళు దాటినవారికి పెద్దపేగు క్యాన్సర్ కోసం నిర్ణీత కాలానికి కొలనోస్కోపీ చేయించుకోవడం తప్పనిసరి, ఏ సారం వాడినా, ఏదీ వాడకపోయినా. నా వంతు ఈ సంక్రాంతి తరువాత ఉంది, దానికి తేదీ తీసుకుని ఉంచాను.